గిద్యోను కుండీకి ఒక్కపొద్దు

అబ్రహాము అయ్యగారు ప్రసంగంలో మంచి ఊపు మీదుండి, నోరు బారెడు తెరిచిన సమయానికి ఎగురుతూ వచ్చిన నుసుము పురుగొకటి నేరుగా ఆయన గొంతులోకి పోయింది. ఆయన దగ్గారు. మళ్ళీ దగ్గారు. మైకు వదలకుండానే దగ్గారు కాబట్టి ఆ దగ్గు ఇందుకూరుపేట సెంటరు దాకా వినపడింది. ముందు కూర్చున్న పిల్లలు పడీపడీ నవ్వారు. పెద్దలు పాటల పుస్తకాలు ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వనిది ప్రేమలీల ఒక్కతే. ఆ నుసుము ఎక్కడినుంచి లేచి వచ్చిందో ఆమెకు తెలుసు.

ఆ చర్చిలో జ్ఞాపకార్థం కాని వస్తువు లేదు. ఫ్యాను రెక్కల మీద, గోడ గడియారం మీద, కుర్చీల వీపుల మీద, చివరికి చెప్పుల స్టాండు మీద కూడా 'ఫలానావారి జ్ఞాపకార్థం' అని ఎర్రరంగుతో రాసి ఉంటుంది. పోయినవాళ్ళ పేర్ల కింద గాలి పోసుకోవడం, వాళ్ళ పేర్లకు ఆనుకుని కునుకు తీయడం అక్కడివాళ్ళకు అలవాటే. రెండేళ్ళ కిందట ప్రేమలీల భర్త గిద్యోను పోయేనాటికి ఇంకో ఫ్యాను బిగించడానికి కప్పులో చోటు లేదు. అందుకని ఆమె నీడపట్టున బతికే పీస్ లిల్లీ మొక్కను ఒక కుండీలో పెట్టి, దాని మీద తెల్లరంగుతో ఆయన పేరు రాయించి, పీఠం పక్కన కిటికీ కింద ఉంచింది. చూసినవాళ్ళకు ముచ్చటేసింది. మా అత్తకొకటి, మా నాయనకొకటి అంటూ ఏడాది తిరిగేసరికి పదకొండు కుండీలు చేరాయి. వాటితోపాటు నుసుములూ చేరాయి. నల్లగా, ఆవగింజలో సగం కూడా ఉండవు. మైకు చుట్టూ, ప్రభురాత్రి భోజనపు గిన్నె చుట్టూ, పాట పాడేవాళ్ళ ముక్కుల చుట్టూ మూగేవి.

ఆరాధన అయ్యాక అయ్యగారు ఆమెను పిలిచారు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"ప్రేమలీలమ్మా, నీ మనసు నాకు తెలుసు. అయినా ఇట్లయితే నేను వాక్యం చెప్పేదెట్లా? ఉపవాసాల నలభై దినాలు మొన్ననే మొదలైనాయి గదా. ఈస్టరు లోపల ఇవి పోయినాయా సరే. లేదంటే కుండీలన్నీ బయట వరండాలోకి పోతాయి."

"బయట పెడితే లిల్లీ బతకదయ్యగారూ. ఆ ఎండకీ ఉప్పుగాలికీ వారం కూడా ఉండదు."

"అందుకేనమ్మా గడువిచ్చింది" అన్నారాయన. పాపం, ఆయన తప్పేమీ లేదు. మింగింది ఆయన కదా.

మిగతా పదిమందికీ అది మొక్క. ప్రేమలీలకు మాత్రం ఆ లిల్లీ పోతే గిద్యోను రెండోసారి పోయినట్టే. ఆమె ఏ రోజూ నాగా పెట్టకుండా పొద్దున్నే చర్చి తాళం తీసి, ఆయన తాగే స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆ కుండీలో పోసేది. ఒక్కదానికే పోస్తే పక్కవాళ్ళు చిన్నబుచ్చుకుంటారని, అంటే చచ్చిపోయిన పక్కవాళ్ళు, మిగతా పదింటికీ తలా ఒక గ్లాసు పోసేది. మధ్యాహ్నం బియ్యం కడిగిన నీళ్ళు బలమని అవి కూడా. ఇక ఆదివారం ఎవరి కుండీకి వాళ్ళు సీసాలతో పోసి, భక్తి చాటుకునేవారు.

ఆమె ముందు దోమల చుట్ట వెలిగించింది. అయ్యగారికి మళ్ళీ దగ్గొచ్చింది. దోమల బ్యాటు తీసుకుని పీఠం చుట్టూ తిరుగుతూ విసిరింది. పదిని కొడితే ఇరవై లేచాయి. గడువిచ్చిన పదో రోజున బస్సెక్కి, లిల్లీ కుండీని ఒళ్ళో పెట్టుకుని, పెన్న దాటి కోవూరులో మొక్కలమ్మే ఖాదర్ బాషా దగ్గరకు పోయింది.

ఖాదర్ బాషా అరవై ఏళ్ళ మనిషి. రంజాను నెల. ఒక్కపొద్దు మీద ఉన్నాడు, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. కుండీలోకి వేలు గుచ్చి తీస్తే వేలికి బురద అంటుకుని వచ్చింది.

"ఎన్ని దినాలకొకసారి పోస్తావమ్మా నీళ్ళు?"

"రోజూ, అన్నా."

"రోజూనా?"

"పొద్దున గ్లాసుడు. మధ్యాన్నం బియ్యం కడిగిన నీళ్ళు." ఆదివారం సంగతి చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

అతను పుల్లతో పైమట్టి కెలికి చూపించాడు. దారప్పోగంత సన్నగా, తెల్లగా, నల్లటి తలలతో పురుగులు మెదులుతున్నాయి. "ఎగిరేవాటితో కొట్లాడితే ఏమొస్తాదమ్మా? సంసారమంతా ఈ మన్నులో ఉండాది. తడి ఆరకుంటే బూజు పడతాది, బూజు తిని ఇవి పెరుగుతాయి. బూజు చాలకుంటే వేళ్ళు కొరుకుతాయి. పైమన్ను ఎండబెట్టు, పుట్టేది ఆగిపోతాది. పసుపు రంగు అట్టలకి ఆముదం పూసి కుండీల్లో గుచ్చు. ఎగిరేవి వచ్చి అంటుకుంటాయి. పైన రెండు వేళ్ళ మందాన ఇసక పరుచు."

"మైపాడు ఇసక మాకు దగ్గరే. తెప్పిస్తాను."

"సముద్రం ఇసకా! నుసుములు పోతాయి, వాటెనకే మొక్క కూడా పోతాది, ఉప్పుకి. పెన్న ఇసక నేనిస్తా, తీసుకుపో. ఇంకో మాట. ఈ లిల్లీకి ఆకులు వాలేదాకా నీళ్ళియ్యొద్దు. వాలినాక కూడా పైనించి పొయ్యొద్దు. బేసిన్లో నీళ్ళు పోసి కుండీని అందులో కూచోబెట్టు. కిందనించి అదే తాగతాది."

అన్నిటికీ తల ఊపుతున్న ప్రేమలీల ఆ మాట దగ్గర ఆగిపోయింది. "వాలేదాకా నా వల్ల కాదన్నా."

"ఎందుకని?"

ఎవరికీ చెప్పనిది ఆమె అతనికి చెప్పింది. గిద్యోను రొయ్యల గుంటల మీద పనిచేసేవాడు. ఎండనపడి ఇంటికొస్తే గడపలోనే గ్లాసు అందుకునే మనిషి. అలాంటివాడికి కిడ్నీలు చెడిపోయాయి. రోజుకు అరలీటరు మించి నీళ్ళివ్వొద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు. ఆఖరి సాయంత్రం "ఒక్క గుటక ఇయ్యవే, ప్రేమా" అని అడిగాడు. ఆ రోజు అరలీటరు అప్పటికే అయిపోయింది. ఆమె తడిబట్టతో ఆయన పెదవులు మాత్రం తుడిచింది. తెల్లవారేసరికి ఆయన లేడు. అప్పటినుంచీ నీళ్ళు గొంతు దిగేటప్పుడల్లా ఆ మాట వినపడేది. దాహం తీరేదాకా ఆమె ఏనాడూ తాగలేదు.

"ఆ రోజు ఇయ్యలేదు గదన్నా. అందుకే రోజూ ఇస్తుండా" అంది. ఏడుపు ఆపుకోలేదు.

ఖాదర్ బాషా ఇసుక సంచి మూతి కట్టి ఆమె ముందు పెట్టాడు. "అమ్మా, నేను తెల్లారకముందు తాగినవే నీళ్ళు" అన్నాడు. "మళ్ళా పొద్దుగూకినాకనే. ఈ నెలంతా మా ఇంటామె నా కళ్ళెదట చెంబు కూడా పెట్టదు. నా మీద ప్రేమ లేకనా? నువ్వు ఆయన బతకాలనే గదా ఆపినావు. దీన్ని కూడా బతకాలనే ఆపు. మీ నలభై దినాలు, మా ఒక్కపొద్దు, రెండిట్లో ఏదన్నా అనుకో. కుండీలకి కూడా పెట్టెయ్."

ఆ ఆదివారం ప్రేమలీల మాట మీద అయ్యగారు ప్రకటనల్లో చెప్పారు: కుండీలు ఉపవాసంలో ఉన్నాయి, ఎవరూ నీళ్ళు పోయరాదు. పెద్ద దుమారమే రేగింది. "మా అత్తకి నీళ్ళు పొయ్యొద్దనేదానికి వీళ్ళెవరు?" అంది అబిగయీలు. ఆ అత్త బతికుండగా అబిగయీలు ఆమెకు అడక్కుండా నీళ్ళిచ్చిన దాఖలా ఊళ్ళో ఎవరికీ తెలియదు. చీర కొంగు కింద సీసా దాచుకొచ్చి ప్రేమలీలకు రెండుసార్లు పట్టుబడింది కూడా.

పక్కింటి రాఘవమ్మ దగ్గర మిగిలిపోయిన నున్నటి పసుపు పెళ్ళిపత్రికలు అడిగి తెచ్చి, ప్రేమలీల వాటికి ఆముదం పూసి కుండీల్లో గుచ్చి, మన్ను మీద పెన్న ఇసుక పరిచింది. వధూవరుల పేర్ల మీద మూడు రోజుల్లో నల్లగా పొడి చల్లినట్టు నుసుములు అతుక్కున్నాయి.

అది సులువే. కష్టమంతా లిల్లీతోనే. నాలుగో రోజుకు ఆకుల నిగనిగ తగ్గింది. అలవాటుకొద్దీ తెచ్చిన గ్లాసు పట్టుకుని కుండీ ముందు నిలబడి, ఆ నీళ్ళు తీసుకెళ్ళి బయట వేపచెట్టు మొదట్లో పారబోసింది. ఐదో రోజు గ్లాసు ఇంట్లోనే పెట్టి వచ్చింది, చేతిని నమ్మలేక. ఎనిమిదో రోజు పొద్దున తలుపు తీసేసరికి ఆకులన్నీ కుండీ అంచు మీదుగా వేలాడుతున్నాయి. చంపేశాననుకుంది ప్రేమలీల. బేసిన్లో నీళ్ళు పోసి, కుండీని అందులో దించి, ఎదురుగా నేల మీద కూలబడింది.

అరగంట గడిచింది. ఏమీ లేదు. గంటకు ఒక కాడ అంచు వదిలి కొంచెం లేచింది. చూపు మోసం చేస్తోందేమోనని పమిటతో కళ్ళు తుడుచుకుని చూసింది. రెండోది లేచింది. ఎండ కిటికీ దాటి పోయేసరికి మొక్కంతా నిటారుగా నిలబడి ఉంది. ఆమె లేవకుండా అక్కడే కూర్చుని, రెండేళ్ళలో మొదటిసారి ఆసుపత్రి గది కాకుండా, గడపలో గ్లాసు అందుకునే గిద్యోనునే తలుచుకుంది.

వారం వారం పత్రికల మీద నలుపు తగ్గింది. ఈస్టరుకు ముందు వారం ఒక్కో దాని మీద రెండో మూడో ఉంటే ఎక్కువ. పండుగనాడు అయ్యగారు ఒక్క దగ్గు లేకుండా గంటా పావు ప్రసంగించారు. నుసుములున్నప్పుడే నయమని వెనక వరసలో ఎవరో గొణిగారు. ఆఖరున ఆయన కుండీల వైపు చూసి, "ఇవి ఇక్కడే ఉంటాయి" అన్నారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది అబిగయీలే.

మర్నాడు పొద్దున ప్రేమలీల మళ్ళీ స్టీలు గ్లాసు నిండా నీళ్ళతో వచ్చింది. లిల్లీ ఆకుల పొత్తిలోంచి తెల్లటి మొగ్గ ఒకటి తొంగిచూస్తోంది. ఇసుక పక్కకు జరిపి వేలు గుచ్చింది. లోపల చల్లగా, తడిగా తగిలింది.

కుర్చీలు సర్దడానికి వచ్చిన అబిగయీలు వెనకనుంచి అడిగింది. "పొయ్యలేదేందక్కా, ఇంకా ఒక్కపొద్దేనా?"

"కాదులే. ఈ పూట ఆయనకి దాహం లేదు" అంది ప్రేమలీల.

కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఆ గ్లాసెడు నీళ్ళూ చుక్క మిగలకుండా తనే తాగింది.