చొక్కాల కరెంటు

"స్పీకర్లో పెట్టి మాట్లాడు. నిన్ను వదిలేస్తే వాళ్ళకే సారీ చెప్పి పెట్టేస్తావు," అన్నాడు భర్త.

ఆమె అంట్లు తోముతున్న చేతులు కడుక్కుని ఫోన్ అందుకుంది. పెళ్ళికి ముందు ఆమె, ఒక లేడీ బస్ కండక్టరు కలిసి నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నారు. మీటరు ఆమె పేరు మీదే ఉంది. పెళ్ళి హడావుడిలో ఆఖరి మూడు నెలల కరెంటు బిల్లులో ఎప్పుడూ వచ్చేంత చెరిసగం కట్టగా, ఇంకో సగం ఉండిపోయింది. నా వాటా నేను కట్టేశాను, మిగిలింది నీదేనని కండక్టరు. అదెలా, అందులోనూ నీకు సగముందని ఈమె. ఆ గొడవతో ఏడాదిగా మాటల్లేవు. ఆ తర్వాతి బిల్లులు కండక్టరు కడుతూనే ఉన్నా, పాత బాకీ మాత్రం జరిమానాలతో పెరుగుతూ వచ్చింది. వారంలో కట్టకపోతే కరెంటు పీకేస్తామని ఇప్పుడు మెసేజ్. ఆమె ఫోనుకొచ్చిన దాన్ని ఆమెకంటే ముందు భర్తే చదివాడు.

"రెండు కొప్పులు ఒకచోట ఇమడవని ఊరికే అన్నారా," అంది అత్తగారు సోఫాలోంచి.

అవతల బస్సుల రొద. "ఏంటే, ఏడాదికి గుర్తొచ్చానా?" అంది కండక్టరు.

భర్త అడుగు అడుగు అన్నట్టు చెయ్యి ఆడించాడు.

"ఆ పాత బిల్లు... నీ సగం ఇచ్చేస్తే..."

"నా సగమా! మనకి రోజూ నడిచేది ఓ ఫ్యాను, రెండు లైట్లు. ఆ మూడు నెలలే బిల్లు ఎందుకు రెట్టింపయిందో నేను చెప్పాలా? స్పీకర్లో ఉన్నానా?"

"ఉన్నావు."

"మరీ మంచిది. పెళ్ళి కుదిరిన దగ్గర్నుంచి మీ ఆయన ఆదివారమైతే చాలు, రెండు సంచుల బట్టలు తెచ్చి మన గుమ్మంలో పడేసేవాడు. మెషినూ ఇస్త్రీపెట్టే రోజంతా నడిచేవి. డ్యూటీ దిగొచ్చి నడుం వాలుద్దామంటే నా మంచం నిండా మగాడి చొక్కాలు! ఆ చొక్కాల కరెంటు నేనెందుకు కట్టాలే?"

ఆమె చెవులు వేడెక్కాయి. 'ఎలాగూ రేపు నువ్వే చెయ్యాలిగా, ఇప్పట్నుంచే అలవాటు చేసుకో' అంటూ అతను సంచి అందిస్తే అప్పుడెంత పొంగిపోయింది! తన చేతి ఇస్త్రీ అయితేనే అతనికి నచ్చుతుందని, అదే ప్రేమ అనుకుంది. వారమంతా కళ్ళజోళ్ళ షాపులో నిలబడి కాళ్ళు పీకుతున్నా, ఉన్న ఒక్క సెలవూ కాలర్ల మురికి వదిలించడానికే పోయేది. 'వీడికి పెళ్ళాం కావాలా, చాకిరీకి మనిషి కావాలా?' అని కండక్టరు అడిగింది. ఆ మాటే ఈమెకి మింగుడు పడలేదు. బిల్లు గొడవ ఆ తర్వాతే మొదలైంది.

"చొక్కాలకి కూడా లెక్కలు కడతారా? సిగ్గులేదూ?" భర్త ఫోన్ మీదకి వంగి అరిచాడు.

"మొగుడి బట్టలు ఉతకడం కూడా అప్పేనటమ్మా!" అత్తగారు బుగ్గలు నొక్కుకుంది.

"అప్పటికి ఆయన మొగుడు కాదత్తయ్యా," అంది ఆమె.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమెకే అనుమానమొచ్చింది. ఆమె ఫోన్ దగ్గరికి తీసుకుని, "నువ్వన్నది నిజమే. ఆ బాకీ నాదే. రేపు మధ్యాహ్నం కరెంటాఫీసు దగ్గరికి రా," అని పెట్టేసింది.

"కట్టు, నీ జీతంలోంచే కట్టుకో," అన్నాడు భర్త పళ్ళు బిగించి. "కట్టేసి, ఆ మీటరు మీద నీ పేరు తీయించేసి రా. ఇక ఆ గదితో నీకేం పని?"

మర్నాడు కరెంటాఫీసు వరుసలో కండక్టరు యూనిఫాంలోనే వచ్చి పక్కన నిలబడింది.

"చిక్కిపోయావే," అంది కండక్టరు. సంచిలో చెయ్యి పెట్టి, "నా దగ్గర కొంతుంది" అంటే ఆమె ఆ చెయ్యి పట్టి ఆపింది.

"రెండో మంచం ఎవరికిచ్చావ్?"

"ఇద్దరు ముగ్గురొచ్చారు. ఎవరితోనూ పడలేదు. ఖాళీగానే ఉంది."

గుమాస్తా డబ్బు తీసుకుని రసీదిచ్చాడు. తనిప్పుడు ఆ గదిలో ఉండటం లేదని, మీటరు మీద పేరు తీయించాలని ఆమె ముందే చెప్పడంతో, ఇక్కడ సంతకం పెట్టాలని కాగితం ముందుకు తోశాడు.

ఆమె దాన్ని వెనక్కి జరిపింది. "వద్దండీ. పేరు అలాగే ఉండనివ్వండి."

"మీరిప్పుడు అక్కడ ఉండటం లేదుగా?"

"ఇవాళ్టికైతే లేనండి," అంది ఆమె.