బరువులెత్తే ఆర్కెస్ట్రా

శుక్రవారం వచ్చిందంటే దుబాయ్ అల్ కుసైస్ లేబర్ క్యాంపులో బట్టలుతుక్కోవడం, తలకు నూనె పెట్టుకోవడం, మటన్ వండుకు తినడం అయ్యాక, లింబాద్రి కిరోసిన్ స్టవ్వు ముందేసుకుని డప్పు కాచేవాడు. ఊళ్లో అయితే గడ్డి మంట వేసేవాడు. ఇక్కడ గడ్డెక్కడిది, మనుషులకే నీడ కరువు! సముద్రపు గాలికి డప్పు తోలు వారం తిరిగేసరికి తడిసిన గోనెసంచిలా మెత్తబడేది. దాన్ని అటూ ఇటూ తిప్పి కాచి, వేలితో కొట్టి చూసి, ఖణేల్‌మంటే గానీ లేచేవాడు కాదు. అప్పటికే అతని బావమరిది రాజేశ్వర్ ఇత్తడి తాళాలు పట్టుకుని వాకిట్లో నిలబడి, "ఇంక ఎంతసేపు బావా, ఏసుదానన్న గుర్రుమంటడు" అని తొందరపెట్టేవాడు.

ఏసుదానం ఆ ఆర్కెస్ట్రాకు పెద్ద. భీమవరం పక్క ఊరివాడు, చిన్నప్పుడు మిషన్ చర్చిలో ఫిడేలు నేర్చుకున్నాడు, ఇక్కడ ఆస్పత్రి స్టోరులో పని. ఎవరైనా మేళం అన్నారో, అయిపోయారంతే. "మేళం కాదండీ బాబూ, సింఫనీ! ఒకళ్లు వాయిస్తే పాట, అందరూ ఒకళ్ల మాట ఒకళ్లు వింటూ వాయిస్తే సింఫనీ" అని స్టీలు స్కేలు ఊపుతూ పాఠం మొదలెట్టేవాడు. ఆ స్కేలుతోనే అందర్నీ నడిపించేవాడు. అదే ఆస్పత్రిలో నర్సు జ్ఞానకుమారి హార్మోనియం వాయించేది. కంపెనీ పఠాన్ డ్రైవరు అమానుల్లాది రబాబు. క్యాంపులోవాళ్లే కొందరు క్లారినెట్టు, బుల్‌బుల్‌తారా, డోలక్కు పట్టుకునేవాళ్లు. లింబాద్రిది డప్పు. రాజేశ్వర్‌కు పాపం తాళం తప్ప ఏమీ రాదు.

వీళ్లంతా కలిసి వాయిస్తే బరువులు తేలికయ్యేవి. అందుకే ఆ చుట్టుపక్కల వీళ్లంటే అందరికీ అంత అవసరం. షార్జా రోలాలో లిఫ్టు లేని బిల్డింగుల్లోకి ఎవరు కొత్తగా దిగినా ముందు కుసైస్‌కు కబురు పెట్టేవాళ్లు. ఆర్కెస్ట్రా మెట్ల కింద నిలబడి వాయిస్తుంటే, ఇద్దరు మలయాళీలు ఇనుప బీరువాని చేటను మోసినట్టు మూడో అంతస్తుకు మోసుకుపోయేవారు. ఇసుకలో దిగబడిన లారీలు, గుంతలో పడిన ఒంటెలు, చర్చికి తెచ్చిన పియానో, ఒకటేమిటి! పని కాగానే బిర్యానీ పెట్టేవాళ్లు, చాయ్ ఇచ్చేవాళ్లు. పాట ఆగితే బరువు మళ్లీ బరువే. ఒకసారి రోలా మెట్ల మీద రాజేశ్వర్ ముక్కు గోక్కోవడానికి తాళం ఆపాడు. అంతే, ఫ్రిజ్జు ధబేల్‌మని కూలబడి ఒకాయన కాలి గోరు ఊడిపోయింది. ఏసుదానం ఆ రోజు స్కేలుతో వాణ్ని కొట్టినంత పని చేశాడు.

రాజేశ్వర్‌ను దుబాయ్ తెచ్చింది లింబాద్రే. ఎనభైలో జగిత్యాల దగ్గర తమ ఊరి నుంచి బయల్దేరేటప్పుడు, వాడి తల్లి కొమురవ్వ కొడుకు చేయి తీసి లింబాద్రి చేతిలో పెట్టింది. "అల్లుడా, నాకు ఒక్కగానొక్కడు. నీ చేతుల పెడుతున్న. మల్ల తెచ్చి నా చేతుల్నే పెట్టాలె" అంది. ఆ మాట లింబాద్రికి అన్నం తింటున్నా గుర్తొచ్చేది. ఎందుకంటే పిల్లగాడు ఇక్కడ ఇమడలేదు. వచ్చిన నెల నుంచి ఇంటికి పోతానని ఒకటే గోల. పాస్‌పోర్టులేమో కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర. ఇద్దరూ కలిసి ఆఫీసుకు పోయి అడిగినప్పుడల్లా ముదీర్, అదే అక్కడి మేనేజరు, తల ఎత్తకుండా "బాద్ మే, బాద్ మే" అనేవాడు. ఆ 'తర్వాత' రెండేళ్లయినా రాలేదు.

అప్పుడు కంపెనీ మురుగు పైపుల పని పట్టింది. మనిషి వంగి నడవగలిగేంత సిమెంటు పైపులు. లోతుగా కందకం తవ్వి, ఒక్కోటి దింపి, మూతికి మూతి కలపాలి. జూన్ నెల, మధ్యాహ్నపు ఎండ. కందకంలో రాజేశ్వర్ ఇసుక చదును చేస్తున్నాడు. గట్టు మీద దింపడానికి పెట్టిన పైపు కింద ఇసుక జారింది. అరవడానికి కూడా వ్యవధి లేదు. పైపు దొర్లి కందకంలో అడ్డంగా పడింది, దాని వెనకే గట్టు సగం కూలి మీద పడింది.

లింబాద్రి అవతలి కొస నుంచి పరుగెత్తుకొచ్చేసరికి పైపు మూతి ఒకటి మాత్రం ఇసుకలోంచి కనిపిస్తోంది. మనిషి జాడ లేదు. "రాజిగా! ఓ రాజిగా!" అంటూ దూకి చేతులతోనే తోడసాగాడు. అందరూ దూకారు. తోడినంత ఇసుక మళ్లీ జారి వచ్చేది. ముదీర్ గట్టు మీద చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నాడు. క్రేను జెబెల్ అలీ పోయిందట, సాయంత్రానికి గానీ రాదట.

"సాయంత్రానికి క్రేనెందుకురా, పాడె గట్టెటందుకా!" అని లింబాద్రి అరిచాడు. అరిచి నెత్తి కొట్టుకున్నాడు. "అమానుల్లా భాయ్! గాడీ నికాలో! ఏసుదానన్న కో లావో, సబ్ కో లావో!"

అమానుల్లా పికప్పు దుమ్ము లేపుకుంటూ పోయింది. తిరిగి వచ్చేదాకా లింబాద్రి తోడుతూనే ఉన్నాడు, ఏడుస్తూనే ఉన్నాడు. కొమురవ్వకు ఏ ముఖం చూపించాలి? పెండ్లాం సాయవ్వ, "నా తమ్ముడేడీ" అని అడిగితే ఏమనాలి? పికప్పు వచ్చింది. జ్ఞానకుమారి తెల్ల యూనిఫారంతోనే, హార్మోనియం ఒళ్లో పెట్టుకుని దిగింది. ఏసుదానం ఫిడేలు చంకన పెట్టుకుని దిగాడు. క్యాంపు నుంచి మిగతావాళ్ల వాయిద్యాలు కూడా వచ్చాయి. ఎండకు కాగిన ఇసుక మీద డప్పు ఒక్క క్షణం పెట్టగానే తోలు దానంతట అదే బిగుసుకుంది.

వాయించారు. పైపు కదల్లేదు. ఇంకా గట్టిగా వాయించారు. అబ్బే! ఎవరో రెండు గరిటెలు తెచ్చి తాళం కొట్టారు, వేరెవరో రాజేశ్వర్ ఇత్తడి తాళాలే తెచ్చి కొట్టారు. పైపు మీది ఇసుక రేణువు కూడా చలించలేదు. లింబాద్రి పుల్లలు విరిగేలా కొడుతున్నాడు. అతని వేళ్లు చిట్లి డప్పు మీద ఎర్రగా మరకలయ్యాయి. క్లారినెట్టు అతను ఊపిరందక కళ్లు తేలేశాడు. అయినా ఎవరూ ఆపలేదు, ఆపితే పిల్లవాడు పోయినట్టేనని అందరికీ భయం.

చివరికి ఏసుదానమే స్కేలు దించేశాడు. "లాభం లేదు లింబాద్రీ" అన్నాడు. "తాళం ఎవరైనా కొడతారు తమ్ముడూ. మనవాడు మనలో ఒకడు. ఆడు లేకుండా మనం పూర్తి కాదు, ఇది లేవదు."

"వాడే గదన్నా దాని కింద ఉన్నది!"

"అదేనయ్యా నేను చెప్పేది" అని ఏసుదానం ముఖం తిప్పుకున్నాడు.

ఒకరొకరుగా అందరూ చేతులు దించారు. లింబాద్రి పక్కనే తోడుతున్న పర్శరాములు, వాళ్ల గదిలోనే ఉండేవాడు, చేతులు దులుపుకుని నెమ్మదిగా అన్నాడు, "అన్నా, చప్పుడు బందయ్యింది. పిలువరాదు?"

లింబాద్రికి అర్థమైంది. ఊళ్లో అతని వృత్తే అది. పాడె ముందు డప్పు కొట్టుకుంటూ నడవడం, కాటికి సగం దూరంలో దింపుడు కల్లం దగ్గర పాడె దింపితే, ఠక్కున డప్పు ఆపడం. అప్పుడు దగ్గరి మనిషి వంగి పీనుగు చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తాడు. ప్రాణం ఏమూలైనా ఉంటే పలుకుతుందని ఆశ. లింబాద్రి ఎన్ని పాడెల ముందు నడిచాడో లెక్కలేదు, పలికినవాణ్ని ఒక్కణ్నీ చూడలేదు.

"ఎట్ల పిలువాలెరా?" అని పర్శరాములు మీదికి లేచాడు. "గట్ల పిలిస్తే వాడు పీనుగైనట్టే గద! నా నోటితోని నేను వాణ్ని పీనుగును చెయ్యాల్నా?"

"పిలువకుంటే ఎట్లెరుక అయితది అన్నా."

లింబాద్రి పైపు మూతి దగ్గర బోర్లా పడుకున్నాడు. ముదీర్ ఏదో అనబోతే అమానుల్లా వేలు పెదవి మీద పెట్టి ఒక్క చూపు చూశాడు, అతను నోరు మూసుకున్నాడు.

"రాజేశ్వర్" అని పిలిచాడు. పైపులోంచి తన గొంతే తిరిగొచ్చింది.

"రాజేశ్వర్." అంతే.

మూడోసారి పిలవాలంటే నోరు రాలేదు. మూడోది అయిపోతే ఇంక ఆశ పెట్టుకోవడానికి ఏమీ ఉండదు. పేరు కాదు, ఏడుపే బయటికొచ్చింది. "రాజిగా... మీ అవ్వ అడుగుతదిరా..."

టక్.

ఎక్కడో లోపల, రాయితో సిమెంటు మీద కొట్టినట్టు. టక్. కాస్త ఆగి, మళ్లీ టక్.

"కొడుతున్నాడు!" జ్ఞానకుమారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అన్నయ్యా, ఇందాకట్నుంచీ కొడుతూనే ఉన్నాడేమో! మన గోలలో మనకే వినపళ్లేదు!"

అవును మరి. పిల్లవాణ్ని బతికించాలని వాళ్లు చేసిన చప్పుడే వాడి చప్పుణ్ని మింగేసింది. ఏసుదానం కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ ఏడ్చే వేళ కాదు. స్కేలు ఎత్తి, గుసగుసగా, "ఎవరూ ఆడికంటే ముందుకెళ్లొద్దు" అన్నాడు. "ఆడెంత మెల్లగా కొడితే అంత మెల్లగా. ఆడి చప్పుడు వినబడాలి, ఆ తర్వాతే మనది."

అలా వాళ్లెప్పుడూ వాయించలేదు. టక్ అంటే హార్మోనియం ఒక్క మెట్టు, టక్ అంటే రబాబు మీద ఒక్క మీటు. లింబాద్రి డప్పును వేలి కొసతో తాకుతున్నాడు. లోపలి చప్పుడు ఆలస్యమైనప్పుడల్లా అందరి వేళ్లూ వాయిద్యాల మీదే ఆగి ఎదురుచూసేవి. పైపు కదిలింది. నీళ్లలో బిందె తేలినట్టు, ఒక పక్కకు ఒరిగి, మెల్లగా పైకి లేచింది. దానితోపాటు ఇసుక కూడా లేచి గాలిలో నిలబడింది. కింద రాజేశ్వర్ వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్లు మూసుకుని, చేతిలో రాయితో పైపును కొడుతూనే ఉన్నాడు.

పర్శరాములు దూరి చంకల కింద చేతులేశాడు. అప్పుడొచ్చింది తంటా. లాగితే చేయి పైపుకు అందదు, తాళం ఆగుతుంది, పైపు ఇద్దరి మీదా పడుతుంది.

"ఆపకు రాజిగా!" లింబాద్రి కేక పెట్టాడు. "పర్శరాములు నెత్తి మీద కొట్టు! టోపీ మీద కొట్టురా!"

రాజేశ్వర్ కళ్లు తెరవకుండానే హెల్మెట్ మీద కొట్టాడు. టక్. పర్శరాములు వెనక్కి పాకాడు. టక్. "మెల్లగ కొట్టరా నాయనా, నా నెత్తి పగులుతది" అంటూ ఏడుస్తూ, నవ్వుతూ లాక్కొచ్చాడు. ఇద్దరూ బయటపడ్డాక ఏసుదానం స్కేలు వదిలేశాడు. పైపు పడిన చప్పుడుకు నేల అదిరింది.

రాజేశ్వర్‌కు ఒక్క ఎముక కూడా విరగలేదు. ఎటొచ్చీ ఒంట్లో బరువు పోయింది. అంతసేపు అందరి పాటకూ తనే మూలమై ఉన్నాడు కాబట్టి కాబోలు, ఫ్రిజ్జులకు తిరిగొచ్చినట్టు వీడికి బరువు తిరిగి రాలేదు. స్ట్రెచరు ఎత్తినవాళ్లు, ఖాళీదనుకుని ఇంకాస్తయితే వాణ్ని పైకి విసిరేసేవారే. వార్డులో జ్ఞానకుమారి ఫ్యాను ఆపించి, నడుముకు బ్యాండేజీ చుట్టి మంచానికి కట్టింది. "వాంతులుంటే చెప్పు, కిటికీ మాత్రం తియ్యకు" అని జాగ్రత్తలు చెప్పింది. వారాలు గడిచినా అంతే. పనిలోకి పంపితే వాడు పారను పట్టుకోవడం కాదు, పారే వాణ్ని పట్టుకుని ఉండేది. కాస్త గాలి వీస్తే పర్శరాములు వెళ్లి చొక్కా పట్టి కిందికి లాగేవాడు.

ముదీర్ వచ్చి రెండు రోజులు చూశాడు. "ఖలాస్. యే కామ్ కా నహీ. గావ్ భేజ్ దో" అన్నాడు. రెండేళ్లు దొరకని పాస్‌పోర్టు ఒక్క పూటలో బయటికొచ్చింది.

రాజేశ్వర్ వెళ్లే రోజు క్యాంపంతా సాయం పట్టింది. ఎవరి ఇంటికి పంపాల్సినవి వాళ్లు తెచ్చి వాడికి తగిలించారు. ఒంటికి రెండు కంబళ్లు, భుజానికి టేప్‌రికార్డరు, జేబుల నిండా సెంటు సీసాలు, జండూబాములు. ఆ బరువుతో వాడి చెప్పులు నేలకు ఆనాయి. విమానాశ్రయం దగ్గర లింబాద్రి వాణ్ని గట్టిగా వాటేసుకున్నాడు. "మీ అవ్వకు జెప్పు, అప్పజెప్పిన అని" అన్నాడు. వాడు ఏడుస్తూ, "నువ్వెప్పుడొస్తవు బావా" అన్నాడు. లింబాద్రి వాడి ఒంటి మీది కంబళ్లు జారకుండా సర్దాడు.

తర్వాతి శుక్రవారం ఆర్కెస్ట్రా కూర్చుంది. తాళానికి ఇంకొకణ్ని పెట్టారు, పాట బాగానే వచ్చింది. కానీ చాయ్ గ్లాసు కూడా లేవలేదు. రోలావాళ్లు ఒకటి రెండుసార్లు పిలిచి మానేశారు. కొందరు మాత్రం వినడానికి వచ్చి కూర్చునేవాళ్లు.

ఒకనాటి మధ్యాహ్నం పాట అయ్యాక అందరూ వెళ్లిపోతే పర్శరాములు లింబాద్రి దగ్గరికొచ్చి గొంతుక్కూర్చున్నాడు. వాడు ఊరు వదిలి ఐదేళ్లయింది, పుట్టిన బిడ్డ ముఖం చూడలేదు.

"అన్నా, ఒక మాట. తిడితే తిట్టు, కొడితే కొట్టు. నన్ను పైపు కింద పండవెట్టున్రి. మీద మన్ను పొయ్యున్రి. రాజిగాని లెక్కనే నేను లోపట కెల్లి కొడత, మీరు వాయించున్రి. బరువు పోతె నన్ను గూడ తోలిస్తడు గద ముదీరు."

లింబాద్రి చేయి లేచింది. కొడతాడనే అనుకుని పర్శరాములు కళ్లు మూసుకున్నాడు. కానీ ఆ చేయి వాడి భుజం మీద వాలి, అక్కడే ఉండిపోయింది.

"ఏం లాభం లేదురా" అన్నాడు లింబాద్రి. "పొద్దుగాల నేను పోయి పండుకొని వచ్చిన. ఏసుదానన్న కాళ్లు మొక్కితే అందరితోని వాయించిండు. లోపట కెల్లి చేతులు కాయలు గాసేదాక కొట్టిన. ఏం లేవలే. మీది మన్ను నేనే తోడుకోని లేచి వచ్చిన."

పర్శరాములు చెయ్యి చాచి, లింబాద్రి జుట్టులో ఇంకా మిగిలిన ఇసుకను దులపసాగాడు.