దాలమ్మ పరిచిన గుడ్డ

నిమ్‌పురా రైల్వే యార్డు దాటి రెండు మైళ్ళు పోతే యుద్ధకాలంలో వేసిన పాత రన్‌వే ఒకటి ఉండేది. దాని పక్కన పెరిగే గడ్డి కోసుకొచ్చి దాలమ్మ రెండు గేదెలను మేపేది. భర్త నూకయ్య రైలింజన్ల షెడ్డులో ఖలాసీగా చేస్తూ జ్వరంతో పోయాక ఆ గేదెలే ఆమెకు ఆధారం. పొద్దున్నే ట్రాఫిక్ కాలనీ ఇళ్ళలో పాలు పోసి, ఎండ ముదరకముందే కొడవలితో అక్కడికి చేరేది.

1960 చలికాలంలో కలకత్తా నుంచి ఒక ఫ్లయింగ్ క్లబ్బు వాళ్ళు ఆదివారాలు ఆ రన్‌వే మీద శిక్షణ మొదలుపెట్టారు. రెండు సీట్ల చిన్న విమానం, ఒక ట్రక్కు, ఒక గుడారం. నేర్పేవాడు జ్ఞానప్రకాశం, వైమానిక దళంలో చేసి వచ్చిన తెలుగువాడు. ఆ పరాయి ఊళ్ళో గడ్డి కోస్తున్న ఆడమనిషి తెలుగులో గేదెను తిడుతుంటే విని, ఆయనే పలకరించి పని ఇచ్చాడు. రన్‌వే మొదట్లో, పక్కనున్న గడ్డిలో, రెండు పొడుగాటి తెల్ల గుడ్డలను ఇంగ్లీషు ‘టీ’ అక్షరంలా పరిచి, ఎగిరిపోకుండా రాళ్ళు పెట్టాలి.

"అడ్డంగా పరిచే గుడ్డ గాలి వచ్చే వైపు ఉండాలి. విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగా దిగాలి. అప్పుడే వేగం తగ్గి దగ్గర్లో ఆగుతుంది. గాలి వెనకనుంచి తోస్తే ఆగదు. ఆ చివర మొరం తవ్విన గోతుల్లోకి పోతుంది," అని చెప్పాడు.

"గాలి సంగతి నాకు తెలీదేటి బాబూ. గడ్డి సెప్పదా," అంది దాలమ్మ.

నేర్చుకునే ఆరుగురిలో ఆడపిల్ల ఒక్కతే, కుసుమకుమారి. రైల్వే ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు. తండ్రి సోమేశ్వరరావు రైల్వే ఆఫీసులో గుమాస్తా. వాళ్ళింట్లో దాలమ్మే పాలు పోసేది. ఒక పొద్దున గిన్నె పట్టుకుని నిలబడి కుసుమకుమారి అంది:

"పైకి వెళ్ళాక యార్డు, పట్టాలు, ఊరు అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి దాలమ్మా. నీ గుడ్డ మాత్రం చక్కగా కనబడుతుంది. అంత భయంలోనూ అది కనబడగానే ప్రాణం కుదుటపడుతుంది."

"అంత పైకి అగుపడతాదా అమ్మా?"

"ఏలకగింజంత."

ఆ మాట దాలమ్మ మనసులో పడింది. తన చేత్తో పరిచినది పైనుంచి ఎలా ఉంటుందో చూడాలని కోరిక పుట్టింది. ఒకరోజు ఎవరూ చూడకుండా ట్రక్కు పైకెక్కి చూసింది. గుడ్డ గుడ్డలాగే ఉంది. రైల్వే వంతెన మీద నడుస్తున్నప్పుడల్లా ఆగి కిందికి చూసేది. ఎవరికైనా చెబితే నవ్వుతారని చెప్పలేదు.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం కుసుమకుమారి ఒంటరిగా ఎగిరింది. జ్ఞానప్రకాశం దూరంగా గుడారం దగ్గర ఉన్నాడు. విమానం ఉత్తరం వైపు నుంచి దిగడానికి తిరిగింది. అంతలో దాలమ్మ కాళ్ళ దగ్గర గడ్డి ఊగడం మానేసింది. ఒక్క క్షణం నిలబడి, ఇందాక వాలిన వైపు కాక ఎదురు వైపుకు వాలింది. వీపుకు చల్లగాలి కొట్టింది. వెనక్కి చూస్తే ఆకాశం నల్లబడి, కాలబైశాఖి గాలివాన లేచి వస్తోంది.

ఆమె ఎవరినీ అడగలేదు. రాళ్ళు కాలితో తన్నేసి, అడ్డగుడ్డను లాక్కుంటూ నిలువు గుడ్డ రెండో కొసకు పరిగెత్తింది. పరిచి, రాళ్ళు అందక దాని మీద తనే కూర్చుంది. విమానం చెట్ల మీదుగా వచ్చేసింది. ఆమె నెత్తిమీదికి వచ్చాక ఇంజను గట్టిగా అరిచింది, విమానం మళ్ళీ పైకి లేచింది. చుట్టు తిరిగి దక్షిణం వైపు నుంచి వచ్చి, ఎదురుగాలిలో కుదుపులు పడుతూ దిగి ఆగింది. వాన అప్పుడే మొదలైంది.

జ్ఞానప్రకాశం రొప్పుతూ వచ్చాడు. "నీకేం కావాలో అడుగు దాలమ్మా," అన్నాడు.

"ఒకపాలి నన్నూ పైకి తీసుకెల్లండి బాబూ." ఎందుకో మాత్రం చెప్పలేదు.

వారమంతా ఆమెకు తిండి సయించలేదు. శనివారం గుడ్డలు సోడా వేసి ఉడికించి ఉతికి ఆరేసింది. ఆదివారం శిక్షణ అంతా అయ్యాక ఆఖరున ఎక్కించాడు. విమానం నేల వదిలింది. యార్డులో వాగన్ల వరసలు కనిపించాయి. ఇంజన్ల పొగ, ఇందా పేట వైపు చెరువులు కనిపించాయి. విమానం తిరిగింది. దాలమ్మ అద్దానికి నుదురు ఆనించి రన్‌వే మొదలు వెతికింది. పచ్చగా ఉంది. తెలుపు లేదు. మళ్ళీ వెతికింది.

ఇంజను మోత తగ్గింది. "ఇప్పుడు చూడు. నేలకు మనిషెత్తున ఉండగా ముక్కు పైకెత్తి, దిగనివ్వకుండా పట్టుకోవాలి. దిగనివ్వకపోతేనే మెత్తగా దిగుతుంది," అంటున్నాడు జ్ఞానప్రకాశం. చక్రాలు తగిలినట్టే తెలియలేదు.

ట్రక్కు దగ్గర క్లబ్బు పనివాడు వెంకటరావు చుట్టిన గుడ్డలను చంకలో పెట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. "ఆఖరు ఫ్లైటు కదా, సారే నడుపుతున్నారు కదా అని తీసేసినాను దీదీ. నీకు పని తప్పింది," అన్నాడు.

"బాగుందా?" అని అడిగాడు జ్ఞానప్రకాశం.

"బాగుంది బాబూ," అంది దాలమ్మ. ఇంకోసారి అడగడానికి నోరు రాలేదు.

వానలు వెళ్ళాక క్లబ్బు మళ్ళీ రాలేదు. రన్‌వే చుట్టూ ముళ్ళకంచె వేశారు. కుసుమకుమారికి కలకత్తాలో ఉద్యోగమైంది, విమానం నడిపే లైసెన్సూ వచ్చింది. ఏడేళ్ళ తరవాత తండ్రి రిటైరవుతుంటే ఇంటికి వచ్చింది. పాలు పోయడానికి వచ్చిన దాలమ్మను గుమ్మంలో కూర్చోబెట్టింది. మాటల మధ్య దాలమ్మ తన గుడ్డను చూడాలని పైకెక్కిన నాటి సంగతి మొదటిసారి బయటపెట్టింది.

"అయ్యో, ఆ రోజే చెప్పి ఉంటే సార్ మళ్ళీ తీసుకెళ్ళేవారు," అంది కుసుమకుమారి.

"ఆ ఎంకటరావు తిట్లు తింటాడని ఊరుకున్నాను. పోనీ, ఒకటి సెప్పమ్మా. గుడ్డ అగుపడేదన్నావు. నేనూ అగుపడేదాన్నా?"

కుసుమకుమారికి అబద్ధం చెప్పాలనిపించలేదు.

"పైనుంచి కనబడేదానివి కాదు. దిగేటప్పుడు, చివర్లో కనబడేదానివి. అప్పుడు పక్కకు చూడకూడదు, దూరంగా రన్‌వే చివరికే చూడాలని సార్ చెప్పేవారు. నేను ప్రతిసారీ నీ వైపు చూసి తిట్లు తినేదాన్ని."

దాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, ఇంకా నాలుగిళ్ళకు పాలు పోయాలంటూ క్యాను ఎత్తుకుంది. వీధి మలుపులో ఆగి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఖాళీగా ఉన్న ఆకాశంలోకి చాలాసేపు చూసింది.