గుర్రం ఎవరిదంటే

ఆల్సిడ్ మావయ్యను పోలీసు ఆపింది ఇంటికి రెండు పొలాల అవతల. అప్పుడాయన తన సొంత గుర్రం మీదే వస్తున్నాడు. లూసియానాలో మా వైపు నల్లవాళ్ళం తాతముత్తాతల నాటి నుంచీ గుర్రాలెక్కుతున్నాం. ఆ పోలీసు కుర్రాడు మాత్రం ఆ నెలే కొత్తగా వచ్చాడు.

"ఎవరిదయ్యా ఈ గుర్రం?"

"నాదేనండి."

"కాగితాలున్నాయా?"

"ఎవరివండి, నావా, దానివా?"

ఆ మాటకి నలభై నిమిషాలు ఎండలో నిలబెట్టాడు. ఈలోగా గుర్రం అతని బూటు పక్కన లద్దె వేసింది. అతను అది కూడా పుస్తకంలో రాసుకున్నాడట. మావయ్య ఈ సంగతి బంధువులందరికీ అభినయించి మరీ చెప్పి నవ్వించేవాడు.

హ్యూస్టన్‌లో ర్యాప్ పాడే ఆయన కూతురు కెజాయా సెలవులకొచ్చి, దీన్ని పాటగా కడదామంది. అక్కడ మొదలైంది గొడవ. మావయ్యది జైడెకో, అంటే మా వైపు నల్లవాళ్ళ చిందు పాట; అకార్డియన్ అందుకుంటే ఇక ఆపడు. నేను ఛాతీకి ముడతల రేకు తగిలించుకుని చెంచాలతో గీకుతాను. కెజాయాది కంప్యూటర్లోంచి వచ్చే దరువు, దాని మీద గుక్క తిప్పుకోని మాటలు. గుర్రాల కొట్టంలో రెండు రోజులు తండ్రీకూతుళ్ళు పోట్లాడుకున్నారు.

"కుక్క తరుముతున్నట్టు అంత వేగమేంటే? ఎవరికి అర్థమవుతుంది?"

"నీ పెట్టె కాసేపు ఆగితే కదా నాన్నా, నా మాట వినపడేది."

వెర్లీన్ అత్తయ్య చర్చిలో పాడేవాళ్ళకి పెద్ద. బెండకాయలు తరుగుతూ గుమ్మంలోంచే అంది, "ఇంత పాటలో దేవుడి పేరు ఒక్కసారీ రాలేదు."

"ఆయన ఆ పూట ఆ దారిన రాలేదులే," అన్నాడు మావయ్య.

మూడో రోజు కెజాయా కాగితం ముందు పెట్టుకుని అడిగింది. "చివర్లో ఏమైంది నాన్నా? ఎలా వదిలాడు?"

మావయ్య అకార్డియన్ పట్టీ బిగించాడు. మళ్ళీ వదులు చేశాడు. మాలో ఎవరికీ ఆ ముక్క ఎప్పుడూ చెప్పలేదని అప్పుడు తట్టింది నాకు.

"పక్క పొలం ఎబేర్ గారు ట్రక్కులో పోతూ ఆగారు. 'అది ఆల్సిడ్ గుర్రం కదా' అన్నారు. ఆ కుర్రాడు టోపీ తీసి, 'సరేనండి' అని వెళ్ళిపోయాడు."

"తెల్లాయన చెబితే ఒక్క మాటకే?"

"ఒక్క మాటకే. నేను నలభై నిమిషాలు చెప్పిందీ అదే మాట."

అత్తయ్య కత్తి పక్కన పెట్టి లోపలికొచ్చింది. "ఆ చోట మీరిద్దరూ నోళ్ళు మూసుకోండి. వాయిద్యాలు కూడా. నేను పాడతాను," అంది.

అలాగే కట్టాం. అకార్డియన్, దరువు, నా రేకు ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దంలో అత్తయ్య గొంతు మాత్రం, చర్చిలో పాడినంత నెమ్మదిగా, "నాదేనండి, నాదేనండి" అంటుంది. మొదటిసారి పాడినప్పుడు మావయ్య గుర్రానికి గడ్డి వేయాలని బయటికి వెళ్ళాడు. గడ్డి అప్పటికే నిండుగా ఉంది.

మా వైపు ఏటా జరిగే గుర్రాల ఊరేగింపు రోజు మైదానంలో పాడాం. పాటలో లద్దె మాట రాగానే జనం విరగబడి నవ్వారు. అత్తయ్య గొంతెత్తగానే ఊరుకున్నారు. రెండోసారికి గుర్రాల మీదున్న వాళ్ళంతా ఆమెతో గొంతు కలిపారు. కొందరైతే టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

రేడియో అతను మాత్రం తల పట్టుకున్నాడు. "ఇది జైడెకోనా, ర్యాపా, భక్తి పాటా? ఏ కార్యక్రమంలో వేయను?"

"గుర్రముంది కదా, పల్లె పాటల్లో వేయి," అన్నాడు మావయ్య.

పల్లె పాటలవాళ్ళు ఒప్పుకోలేదు. ర్యాప్ వాళ్ళు అకార్డియన్ వినగానే ఆపేశారు. చివరికి శుక్రవారం పొద్దున, వాతావరణం చెప్పే ముందు మిగిలిన నాలుగు నిమిషాల్లో వేశారు. మావయ్య దాణా కొట్టు ముందు ట్రక్కులోనే కూర్చుని అంతా విన్నాడు. తర్వాత బస్తా వేయించుకుని ఇంటికొచ్చాడు.

"రేపు వానట," అన్నాడు అత్తయ్యతో.

"మరి పాట?"

"అదీ వచ్చింది. నీ గొంతు కాస్త పెద్దగా ఉంది."