శనివారం ఫోను

బట్టలు నేసే సాంచెల మోతలో ఎవడి దగ్గూ ఎవడికీ వినపడదు. అందుకే లింగమూర్తి పగలంతా మిల్లులోనే కడుపారా దగ్గేవాడు. ఆ శనివారం మధ్యాహ్నం దగ్గి దగ్గి సాంచె పక్కనే కూలబడ్డాడు. పోగు తెగితే పరుగెత్తుకొచ్చే సేఠు, మనిషి కూలితే తిరిగి చూడలేదు. తనే లేచి మళ్లీ పనిలో పడ్డాడు.

అసలు కష్టం సూరత్ డిండోలిలోని గదికి చేరాకే. అక్కడ దగ్గకూడదు. ఒకే పరుపు మీద రాత్రి లింగమూర్తి, అతను పనికి పోయాక పగలు సురేశ్ పడుకుంటారు; మిగతా పరుపులదీ అదే కథ. పోయిన వానాకాలం ఆ గదిలోనే ఉండే పరుశురాం దగ్గుతున్నాడని అతని సామాను మెట్ల మీద పెట్టారు. అతను జగిత్యాలకు పోతున్నానని రైలెక్కాడు. తర్వాత ఉన్నాడో పోయాడో అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఆ తర్వాతే గల్లీకి డాక్టర్లు వచ్చారు. న్యుమోనియా తెచ్చే క్రిములకు ఇప్పుడున్న వాటికంటే మెరుగైన టీకా తయారుచేస్తున్నామనీ, అది పనిచేస్తుందో లేదో చూడాలనీ చెప్పారు. ఒప్పుకున్నవాళ్లలో సగం మందికి కొత్త టీకా, సగం మందికి ఉత్త ఉప్పునీళ్లు. ఎవరికి ఏది పడిందో వేసినవాళ్లకూ తెలియదు. గదిలో అందరూ సూది వేయించుకున్నారు.

ప్రతి శనివారం ఆ డాక్టర్ల తరఫున అనురాధ ఫోన్ చేసి దగ్గు, జ్వరం ఉన్నాయా అని అడుగుతుంది. సూరత్‌లోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. భార్య గంగవ్వ పోయాక లింగమూర్తిని బాగున్నావా అని అడిగే మనిషి ఆమె ఒక్కతే. ఆమెకే అతను దగ్గు లేదని అబద్ధం చెబుతున్నాడు. పాత ఫోను, స్పీకరు పెడితేగానీ వినపడదు, గదంతా వింటుంది.

ఆ సాయంత్రం సురేశ్ రాత్రి పాళీకి తయారవుతుండగా ఫోను మోగింది.

"కాకా, మీ గల్లీల ఎవ్వలికీ దగ్గు లేదంట. అందరు గట్లనే చెప్తున్నరు. అచ్ఛా హై, మంచిదే కదా?"

లింగమూర్తి గదంతా కలియజూశాడు. ఈ గదిలో గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గనివాడు ఎవడున్నాడు? ఈ అబద్ధాలు నమ్మితే డాక్టర్లకు టీకాకూ ఉప్పునీళ్లకూ తేడా కనపడదు; పనికొచ్చే మందైనా పారేస్తారు, రేపు ఎవరి పిల్లలకో అది అందదు.

"లేదని రాయకు బిడ్డా. నాకు దగ్గుంది. శాన దినాల సంది ఉంది. నీకు అబద్ధం చెప్పిన."

చొక్కా తొడుక్కుంటున్న సురేశ్ చేతులు ఆగిపోయాయి. గది కిరాయికి తీసుకున్న నరేశ్ మెట్ల వైపు చూపించి, సామాను తీసుకుని నడవమన్నాడు.

"నేను పోను," అన్నాడు లింగమూర్తి. "పరుశురాం పోయిండు. ఏమైండో ఎవలడిగిన్రు? మూతికి గుడ్డ కట్టుకొని కిటికి కాడ పండుకుంట. పొద్దుగాల దవాఖానకు పోత. గని గది ఇడిషిపెట్ట."

సురేశ్ తన దుప్పటి మాత్రం లాక్కుని పనికి వెళ్లిపోయాడు. లింగమూర్తి ఆ గదిలో మొదటిసారి గట్టిగా దగ్గాడు. చెంబెడు నీళ్లు అందించినవాడు లేడు.

"పొద్దుగాల నేనే వస్త కాకా," అంది ఇంకా ఫోనులోనే ఉన్న అనురాధ. "గదిల ఇంకెవలికన్న ఉందా?"

నరేశ్ గోడవైపు తిరిగి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. అతని భుజాలు ఎగిసిపడుతున్నాయి.