మేకు లేని బెంచీ

"అక్కా, మేకులు నువ్వు పీకెయ్. నీకు ఓపికెక్కువ!" అన్నాడు కెప్టెన్ మొదటిరోజే.

ఇంటీరియర్ డిజైన్ క్లాసులో అందరికన్నా పెద్దది ఆమే. ముప్పయ్యారేళ్లు, ఇద్దరు పిల్లలు. ఆమె జట్టులో మిగతా నలుగురూ ఇరవై దాటీ దాటని మగపిల్లలు. వాళ్ల నాయకుడికే కెప్టెనని పేరు. కూల్చేసిన ఇళ్ల తలుపులు తెచ్చి, కాలేజీ లైబ్రరీ కిటికీ పక్కన కూర్చుని చదువుకోవడానికి బెంచీ కట్టాలి. అదీ ప్రాజెక్టు.

మూడు వారాలు మేకులే పీకింది. తుప్పుపట్టిన ముక్క గోరు కింద దిగితే వేలు నోట్లో పెట్టుకుని, మళ్లీ పట్టకారు అందుకుంది. ఇంటికెళ్తే అత్తగారు, "గిన్నెలు తోమడానికి చేతులు నొప్పులట, అక్కడ మేకులు మాత్రం పీకుతుందట మహాతల్లి!" అనేది. భర్తది ఒకటే మాట. "ఈ ఏడు ఫెయిలయ్యావా, పుస్తకాలు అటకెక్కుతాయి. ముందే చెప్తున్నా." ఇంట్లోనూ ఆమె ఓపికే, ఇక్కడా ఆమె ఓపికే. ఆడదానికి ఓపిక పుట్టుకతో వచ్చే జబ్బు కాబోలు. మందు మాత్రం ఎవరూ ఇవ్వరు!

పీకగా పీకగా ఏ చెక్క వంగుతుందో, ఏది బరువు మోస్తుందో చేత్తో తడిమితే తెలిసిపోయేది. ఇన్ని పీకి మళ్లీ మేకులే కొట్టడమా అని ఒళ్లు మండింది. చెక్కలు ఒకదాన్నొకటి పట్టుకునేలా తనే గీసింది. చివర్లో ఒక్క చెక్క చీల బిగిస్తే బెంచీ మొత్తం నిలబడుతుంది. ఆమె గీత గీసినచోటల్లా కుర్రాళ్లు రంపం వేశారు. ఏ ముక్క తర్వాత ఏదో చూసుకోండర్రా అంటే, "నువ్వున్నావుగా అక్కా!" అన్నారు.

మార్కులు వేసేరోజు బెంచీ పక్కన బోర్డు వెలిసింది. దాని మీద నాలుగు పేర్లు. కింద చిన్నక్షరాలతో, "సహకారం: అక్క".

"నా పేరేదిరా?"

"స్థలం సరిపోలేదక్కా."

"మార్కుల కాగితంలో?"

"అదీ... ఈ బోర్డు చూసే రాసేశాం. తర్వాత మాట్లాడదాంలే. మేడమ్ వచ్చేశారు, కాస్త టీ సంగతి చూడవా?"

ట్రే చేతికొచ్చింది. అలవాటుపడ్డ చేతులు అందుకున్నాయి కూడా! ఆ చేతులను చూసుకునేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది.

మార్కులు వేసే మేడమ్ బెంచీ కిందికి వంగి చూసింది. "ఒక్క మేకూ లేదే! ఎలా నిలబడిందిది?"

"టీమ్‌వర్క్ మేడమ్," అన్నాడు కెప్టెన్.

ఆమె ట్రే కింద పెట్టేసింది. బెంచీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, అరచేత్తో రెండు దెబ్బలు వేసి చీల ఊడలాగింది. అతుకులు వదిలి చెక్కలు ఒక్కొక్కటే నేలకు ఒరిగాయి.

"ఎలా నిలబడుతుందో వీళ్లు కట్టి చూపిస్తారండి," అంది మేడమ్‌తో.

కెప్టెన్ ఒక చెక్క ఎత్తి దింపాడు. ఇంకోటి ఎత్తాడు. మిగతా ముగ్గురి వైపూ చూశాడు. "అక్కా, ప్లీజ్... ముందు ఏది?"

ఆమె చీల పిడికిట్లో బిగించి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"బోర్డు మీద పేర్లున్నవాళ్లని అడుగు తమ్ముడూ. నాకు ఓపిక లేదు."