అరువు నిప్పు

పనసగుడలో ఎస్తమ్మ వయసెంత అని ఎవరూ అడగలేదు. ఆధార్ కార్డు తీసే కుర్రవాడు అడిగాడు గాని, ఆవిడ నోరు తెరిచేలోపే 1950 జనవరి ఒకటి అని తనే కొట్టేసి తరవాతి మనిషిని పిలిచాడు. నిజం చెప్పినా వాడి కంప్యూటర్ పట్టేది కాదు. ఎస్తమ్మ గ్రీకు దేవత. అసలు పేరు హెస్తియా. ఒలింపస్ కొండ మీద దేవుళ్లందరి ఇంటి పొయ్యీ ఆవిడ చేతిలో ఉండేది. దేవుళ్లకి రాజయిన జ్యూస్ ఆవిడకి స్వయానా తమ్ముడు.

మిగతా దేవుళ్లకి యుద్ధాలూ, పెళ్లిళ్లూ, పేచీలూ ఉన్నాయి కాబట్టి కథలూ ఉన్నాయి. పొయ్యి దగ్గర కూర్చునే పెద్దక్కకి కథేముంటుంది? పెళ్లి వద్దంది. సభలో పన్నెండే కుర్చీలు, కొత్తగా వచ్చిన మేనల్లుడికి చోటు లేదని అందరూ జుట్లు పట్టుకోబోతుంటే, తన కుర్చీ వాడికిచ్చేసి వెళ్లి మంట ఎగదోసుకుంది. ఆవిడకి దక్కింది ఒక్కటే. ఏ ఇంట్లో ఎవరు తినబోయినా మొదటి ముద్ద ఆవిడ పేరు చెప్పి పొయ్యిలో వెయ్యాలి. వేలవేల ఇళ్లలో వేసేవారు. ఎవరు ఎక్కడ వేసినా ఆ రుచి ఆవిడ నోటికి తెలిసేది. సాయంత్రమయ్యేసరికి ఎన్ని రుచులో!

తరవాత ఆ దేశంలో గుళ్లు మూతపడ్డాయి. దేవుళ్లు తలోదారీ పట్టారు. ఎస్తమ్మ తన పొయ్యిలో నిప్పుని మట్టికుండలో పోసి, పైన నివురు కప్పి, బట్టల వర్తకానికి వచ్చే యవనుల ఓడెక్కి ఈ తీరాన దిగింది. దూరంగా కొండలు కనబడితే ఇటు నడిచింది. కొండ మీద బతికినవాళ్లకి మైదానంలో ఊపిరాడదు మరి.

మిగతావాళ్లూ ఒక్కరొక్కరే వెనకాల వచ్చి చేరారు. సముద్రమంతా నాదే అన్న తమ్ముడు విశాఖలో చేపల బోటు నడుపుతున్నాడు. పిడుగులు విసిరిన జ్యూస్ లైన్‌మన్‌గా రిటైరయి, అక్కడే ఒక అపార్టుమెంటులో మూడో అంతస్తులో మోకాళ్ల నొప్పులతో ఉంటున్నాడు. ఆయన కొడుకు హెర్మీస్ పార్సిల్ వ్యాను తోలుతూ పదిహేను రోజులకోసారి ఘాటెక్కి వస్తాడు. వచ్చినప్పుడల్లా అదే పాట.

"అత్తా, ఇంకెన్నాళ్లు ఈ పొగలో? మాతో వచ్చెయ్."

"పొయ్యిలో నిప్పుందిరా, ఎలా వస్తాను?" అనేది ఎస్తమ్మ. ఆ మాటకి ఎదురు చెప్పడం దేవుళ్లకే చేతకాలేదు.

ఒకప్పుడు పనసగుడ మొత్తానికి నిప్పు ఆ పొయ్యిదే. కొండ మీద మంచుకి అగ్గిపుల్లలు చెమ్మగిల్లి తలలూడిపోయేవి. తెల్లారకముందే ఆడపిల్లలు చేతుల్లో చిల్లపెంకులు పట్టుకుని వాకిట్లో వరస కట్టేవారు. ఒక్కొక్కరికీ రెండేసి నిప్పుకణికలు. నిప్పుకి వచ్చిన గుంట నిప్పుతో ఊరుకుంటుందా? రాత్రి ఎవరింట్లో కేకలయ్యాయో, ఎవరికి నెల తప్పిందో అంతా చెప్పి పోయేది. తల్లులూ, వాళ్ల కూతుళ్లూ, ఆ కూతుళ్ల కూతుళ్లూ అందరూ ఆవిడని మామ్మ అనే పిలిచారు. ఎస్తమ్మ అందరినీ తిట్టేది. ఎక్కువ తిట్లు తిన్నది అసిరమ్మ.

ఆ అసిరమ్మలాంటి మొద్దు గుంట ఇంకోటి పుట్టలేదు. రాత్రి నివురు కప్పడం మరిచిపోయేది. కప్పితే మరీ కప్పేసి చంపేసేది. అందరూ నెలకోసారి వస్తే తను రోజూ వచ్చేది. దానికి తోడు వంట చేస్తే అడుగంటించకుండా దింపిన రోజు లేదు. "నిప్పు దాసుకోనేని దానివి, కాపరమేటి సేత్తావే?" అని తిట్టి, మళ్లీ పెంకులో రెండు కణికలు ఎక్కువే వేసేది ఎస్తమ్మ.

పెళ్లయి ఊరు దాటే పిల్లకి చిన్న కుండలో నిప్పు పోసి పంపడం కూడా ఆవిడ పెట్టిన ఆనవాయితీయే. "ముందు ముద్ద పొయ్యిలో ఎయ్యడం మరిసిపోకు" అని కూడా చెప్పేది. అసిరమ్మ పెళ్లికి మాత్రం కుండ ఇస్తూ, ఇది పొలిమేర దాటకముందే ఆర్పేస్తుంది అనుకుంది.

ఇప్పుడు పెళ్లికూతుళ్లు బొలేరోల్లో వెళ్తున్నారు. కుండ పెడితే సీటు కాలుతుందని డ్రైవరు ఒప్పుకోడు. ఇంటింటికీ గ్యాసు వచ్చింది. నిప్పుకని ఎవరైనా ఎస్తమ్మ గడప తొక్కి పన్నెండేళ్లయింది. శని, ఆదివారాలు కింద మైదానంలో టూరిస్టులు కట్టెల మీద పెట్రోలు పోసి అంటించి చుట్టూ గెంతుతారు. క్యాంప్‌ఫైరట. అది చూస్తే ఆవిడకి ఒళ్లు మండిపోయేది.

ఒకటి మాత్రం మిగిలింది. రోజూ పొద్దుగూకే వేళకి, తనింకా ఏమీ తినకుండానే, నోట్లో చోడిసంకటి, అదే రాగిసంకటి, రుచి తగిలేది. కొంచెం అడుగంటిన వాసనతో. వేల ఇళ్ల రుచులు చూసిన నోరు కదా, పాత రోజుల్ని నెమరేసుకుంటోంది అనుకునేది ఎస్తమ్మ. అయినా ఆ వేళకి గుమ్మంలో కూర్చుని దానికోసం ఎదురుచూసేది.

ఆ శుక్రవారం అరకు సంతకి వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చేసరికి, పక్కింటి బేబి గుమ్మంలో నవ్వుతూ నిలబడి ఉంది. డిగ్రీ చదివి కాఫీ తోటల్లో లెక్కలు రాసే పిల్ల. తల్లి పోయాక ఎస్తమ్మ పెట్టిన గంజి తాగే పెరిగింది.

"మామ్మా, కళ్లు మూసుకో. ఇప్పుడు తెరువు."

మూడు రాళ్ల పొయ్యి లేదు. ఆ చోటంతా ఎర్రమట్టితో అలికి, మీద తెల్లగా ముగ్గేసి ఉంది. పక్కన బల్ల మీద కొత్త గ్యాసుపొయ్యి తళతళలాడుతోంది.

"నీ పేరున నానే రాయించినాను. ఇంక పొగ నేదు, దగ్గు నేదు."

"నిప్పేదే?"

"ఆర్పీసినాను. సెంబుడు నీళ్లు పోసి, బూడిద అరటిసెట్టు మొదట్లో ఏసినాను."

ఎస్తమ్మ సంచీ కింద పెట్టింది. అరటిచెట్టు దగ్గరకి వెళ్లి తడిబూడిదలో చేతులు పెట్టి వెతికింది. నల్లటి బొగ్గులు తప్ప ఏమీ లేవు. ఒక్కొక్కటీ చెంపకి ఆనించి చూసింది. అన్నీ చల్లగా ఉన్నాయి. మూడువేల ఏళ్లలో ఆరని నిప్పు, సముద్రం మీద గాలివానలో ఆరని నిప్పు, ప్రేమగా పోసిన చెంబెడు నీళ్లకి ఆరిపోయింది. అక్కడే బురదలో కూలబడి ఏడ్చింది.

బేబి పరుగున లైటరు తెచ్చి టిక్కుమనిపించింది. "ఇది కూడా నిప్పే గదా మామ్మా!"

"నిప్పేనే. కాని అది ఇప్పుడే పుట్టింది. నాది మా ఇంటి కాడినించి వచ్చింది. మాయమ్మ మొకం నాకు గురుతు నేదు. మా కొండ గాలి ఎలగుండీదో అదీ మరిసిపోనాను. మా ఇంటిది ఏటి మిగిలిందంటే ఆ నిప్పొక్కటే మిగిలింది."

అదే సమయానికి సంచీలో ఫోను మోగింది. హెర్మీస్. సంగతి విన్నాడు. తరవాత మెల్లగా, "పోనీలే అత్తా. రేపు పొద్దున్న వ్యాను తెస్తాను. నాన్న నీకు గది ఖాళీ చేయించాడు. ఇండక్షన్ స్టవ్వు, మంటే ఉండదు, నీకు పనే ఉండదు" అన్నాడు. పొయ్యిలో నిప్పుందనడానికి ఎస్తమ్మకి ఇప్పుడు పొయ్యే లేదు.

"నీ నిప్పు ఇంకెవుల దగ్గరా నేదా? ఇన్నాళ్లు ఊరందరికీ ఇచ్చినావు గదా!" అంది బేబి కళ్లు తుడుచుకుంటూ.

ఆ ఆలోచన ఎస్తమ్మకి రాలేదు. ఇవ్వడమే తప్ప అడిగి ఎరగని మనిషి. చిల్లపెంకు ఒకటి ఏరుకుని, చెంగులో దాచుకుని, సిగ్గుపడుతూ ఇల్లిల్లూ తిరిగింది. మంగ్లు ఇంట్లో గ్యాసు. సుక్రు ఇంట్లో గ్యాసు, పైగా వాళ్ల పాత పొయ్యిలో కోడి పొదిగింది. అందరూ ఆప్యాయంగా టీ ఇస్తామన్నారు. నిప్పు ఒక్కరింట్లోనూ లేదు.

ఇక మిగిలింది ఊరు దాటిన పెళ్లికూతుళ్లు. ఎస్తమ్మ వేళ్ల మీద గుర్తు చేసుకుంటుంటే బేబి ఫోన్లు చేసింది. నూకరత్నం పార్వతీపురంలో కొడుకు క్వార్టర్లో ఉంది. ఇంకొకామె కొయ్యూరులో కాలం చేసింది. ఫోను లేనిది ఒక్క అసిరమ్మ. ఊటగెడ్డ అనే ఊళ్లో, ఇంకా కొండ పైన.

"దాని దగ్గరా? అది ఒక్క పూట నిప్పు నిలబెట్టుకోనేదు. నలబయ్యేళ్లు ఉంచిందా?"

"సూసొద్దాం. ఎక్కు" అంది బేబి, స్కూటీ తీస్తూ.

దారి పొడుగునా వలిసెపూలు పచ్చగా విరగబూసి ఉన్నాయి. ఎస్తమ్మకి అవేవీ కనబడలేదు. రేపీపాటికి ఈ ఘాటు దిగిపోయుంటాను అనుకుంది. తన కొండ వదిలి వచ్చిన రోజు కూడా ఇలాగే చల్లగా ఉంది. ఆ రోజు ఒడిలో కుండ వెచ్చగా ఉండేది, ఇవాళ ఖాళీ పెంకు. రోడ్డు అయిపోయాక స్కూటీ ఆపేసి, కాలిబాటన ఎక్కేసరికి పొద్దు వాలుతోంది.

గుడిసె పైకప్పులోంచి పొగ లేస్తోంది. దాన్ని చూసి ఎస్తమ్మ అడుగులు పెంచింది. అంతలోనే, పొగదేముంది, అగ్గిపుల్లతో అంటించినా వస్తుంది అని సర్దిచెప్పుకుంది.

తలంతా నెరిసిన అసిరమ్మ గుమ్మంలోకి వచ్చి, కళ్లు చికిలించి చూసి, నోరు నొక్కుకుంది. "మామ్మా! నువ్వు అలగే ఉన్నావు. నానే నీకన్నా ముసిలయిపోనాను. ఏటిలా వచ్చినావు?"

ఎస్తమ్మ చెంగులోంచి పెంకు తీసి ముందుకి చాపింది.

అసిరమ్మ పెంకు వంక చూసింది, ఆవిడ వంక చూసింది. బేబి తల దించుకుని జరిగింది చెప్పింది. అంతా విని అసిరమ్మ నడుం మీద చేతులేసుకుంది.

"నిప్పు దాసుకోనేని దానివి, కాపరమేటి సేత్తావే?"

అని, పకపకా నవ్వి, ముసలిదాన్ని రెండు చేతులా పొదువుకుని లోపలికి తీసుకుపోయింది. పొయ్యి ముందు కూర్చోబెట్టి, వండుతున్న మంట పక్కకి నెట్టి, అడుగున బూడిద చీపురుపుల్లతో తొలిచింది. ఎర్రగా, నిండుగా నిప్పు. ఎస్తమ్మ వంగి దాని మొహం చూసింది. తన ఇంటి నిప్పే. తల్లి పోలిక పిల్లలో తెలిసినట్టు తెలిసిపోయింది.

"ఎలగుంచినావే ఇన్నాళ్లు?" అంది ఎస్తమ్మ.

"ఊళ్లో ఉన్నప్పుడు ఆరిపోతే నీ కాడికి వచ్చీదాన్ని. ఇక్కడ ఆరిపోతే ఎవులిస్తారు? నువ్వు దగ్గిర నేవు గదా. అందుకే ఆరనివ్వనేదు. మాయాయన పోయినప్పుడు కూడా ఈ నిప్పొక్కటే నా పక్కన కూకుంది."

మూత ఉన్న చిన్న కుండ వెతికి తెచ్చి, కణికలు పోసి, నివురు సన్నగా, గాలాడేలా కప్పింది. ఎస్తమ్మ నేర్పిన పద్ధతే, ఆవిడకన్నా బాగా చేసింది. కుండ బేబి ఒళ్లో పెట్టారు. ఆ పిల్ల దాన్ని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది.

"మరి రేపు ఆ వ్యానాయన వస్తే?" అంది బేబి.

"రానీ. పొయ్యిలో నిప్పుంటే ఎలా ఎల్తాను? టీ తాగి పోతాడు" అంది ఎస్తమ్మ. అప్పటిగ్గాని ఆవిడకి నవ్వు రాలేదు.

తినకుండా వెళ్లనివ్వనంది అసిరమ్మ. సంకటి దింపి కంచాలు పెట్టింది. ఆరేళ్ల మనవరాలు అందరికన్నా ముందు తన కంచంలోంచి చిటికెడు తీసి పొయ్యిలో వేసి, "ఎస్తమ్మకి" అని గబగబా గొణిగి, వేళ్లు నాక్కుంది.

"ఎస్తమ్మంటే ఎవులే?" అంది బేబి ఆశ్చర్యపోయి.

"ఏమో. పొయ్యిలో ఉంతాదంట. ఆవిడికి పెట్టకుండా తింటే నానమ్మ తిడతాది."

"ముందు ముద్ద పొయ్యికి ఎయ్యమన్నావు గదా మామ్మా" అంది అసిరమ్మ కాస్త సిగ్గుపడి. "ఎవులికని ఎయ్యాలో సెప్పనేదు నువ్వు. అందికే నీ పేరు సెప్పుకున్నాను. రోజూ ఏస్తాం."

ఎస్తమ్మ కంచం అలాగే ఉంది. చెయ్యి కూడా పెట్టలేదు. నోట్లో మాత్రం వేడిగా, రాగిగింజల తియ్యదనంతో, కొంచెం అడుగంటిన వాసనతో సంకటి రుచి. రోజూ గుమ్మంలో కూర్చుని ఎదురుచూసిన రుచి. పాతకాలం నెమరు కాదు, ఈ ఇంటిదే. ప్రపంచంలో ఇంకెవరూ తలవని రోజుల్లో కూడా, ఈ కొండ మీద ఒక మొద్దు గుంట ఒక్కపూట తప్పకుండా తనకి అన్నం పెట్టింది. కళ్లవెంట నీళ్లు కారిపోతుంటే తుడుచుకోలేదు.

"ఓసి గుంటా! నలబయ్యేళ్ల నించి తింటన్నాను. ఒక్క పూటన్నా అడుగంటించకుండా దింపినావటే?"

అసిరమ్మ చెయ్యి గరిట మీద ఆగిపోయింది. ఎస్తమ్మ ముట్టని కంచం చూసింది. నలబయ్యేళ్లయినా మారని ఆ మొహం చూసింది. మనవరాలు వేసిన చిటికెడు సంకటి పొయ్యిలో ఎర్రగా కాలుతోంది. అసిరమ్మ కుండలో అడుగు తగలకుండా పైపైన కొంచెం సంకటి తీసి, రెండు చేతులతో మెల్లగా నిప్పులో పెట్టింది.

"ఇదెలగుంది, మామ్మా?"

ఎస్తమ్మ ఒక్క క్షణం ఆగి, రుచి చూసింది.

"ఉప్పు సాల్లేదు" అంది.